చెక్‌పోస్ట్ దగ్గర ఫిడేలు

లాక్‌డౌన్‌లో ఒక ఉదయం, ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్ ఊరి ఆసుపత్రికి డ్యూటీకి వెళ్తుంటే, చెక్‌పోస్ట్ దగ్గర ఓ పెద్ద వయసు పోలీసు కారాపాడు. డ్యూటీ లెటర్ చూపించాను. ఆయన చెవి మాత్రం కారులో మోగుతున్న వయొలిన్ మీదే ఉంది.

"ఎవరిదిది?"

"పారిస్‌లో రెండొందల ఏళ్ల కిందటి నల్లజాతి సంగీతకారుడిది. అందరూ మరిచిపోయారు, ఇప్పుడిప్పుడే మళ్లీ వాయిస్తున్నారు."

"అయ్యో పాపం! ఆ ముక్క మళ్లీ పెట్టండి డాక్టర్."

తన కారులోంచి ఫిడేలు తెచ్చి, రెండు మీటర్ల దూరంలో నిలబడి, విని విని పట్టేశాడు. ఇక్కడి ఫిడేలు వాళ్లకు స్వరాల కాగితం చూసి వాయించడం నామోషీ అట. వెనక పది కార్లు ఆగినా ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఒకావిడ మాత్రం అద్దం దించి, "మూడో స్వరం తప్పు!" అని అరిచింది. ఆలస్యమైనందుకు ఆసుపత్రిలో చివాట్లు నాకు.

వారం తర్వాత అదే చోట ఓ పోలీసమ్మాయి మాస్కు వెనక అదే పాట కూనిరాగం తీస్తోంది. ఎవరిదని అడిగాను.

"ఇదా? మా ఊరి పాత పాట. తాతల నాటిది."

నాకు ఒళ్లు మండింది. కాదు, పారిస్ ఆయనదని చెప్పి, ఆయన పేరు రెండుసార్లు పలికించాను.

ఆమె శ్రద్ధగా రాసుకుంది.

"గ్రాండ్! మరి ఆయన పారిస్ వెళ్లకముందు, పోర్ట్‌లీష్‌లో వాళ్ల ఇల్లు ఎటువైపు?"