పాత మిషన్లను వదలని మా మేడం

మా మేడం పోయారు. తిరుపతి నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "అక్క ఇంక లేదప్పా" అన్నాడు. ఆమె తయారు చేసిన లైబ్రరీ పేజీలో ఆ వార్త నేనే పెట్టాను. దాని కింద మొదట వచ్చిన మాట సానుభూతి కాదు. "మరి కొత్త వెర్షన్ ఎప్పుడొస్తుంది?" అని. ఒళ్లు మండింది. ఇది రాస్తున్నప్పుడూ మండుతూనే ఉంది, చదివేవాళ్లు కొంచెం ఓర్చుకోవాలి.

లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. తెలుగు అక్షరాలను గుణింతాలు, ఒత్తులతో సహా పేజీ మీద సరిగ్గా కూర్చే సాఫ్ట్‌వేర్ ముక్క. కాలేజీలో మాకు కంప్యూటర్ పాఠాలు చెబుతూనే మేడం దాన్ని రాసి, సోర్సుతో, అంటే తాను రాసిన కోడంతటితో సహా అందరికీ ఊరికే ఇచ్చేశారు. ఆ సోర్సును ఏ మిషన్‌కు తగ్గట్టు ఆ మిషన్‌కు కంపైల్ చేస్తేనే, అంటే దానికి అర్థమయ్యే ఫైలుగా మారిస్తేనే పని చేస్తుంది. లైనక్స్‌కు ఒక తీరు, విండోస్‌కు ఒక తీరు, పాత కంప్యూటర్లకు మరో తీరు. మేడం దేన్నీ వదిలేవారు కాదు. వంటగది పక్క గది నిండా జనం పారేసిన కంప్యూటర్లే. చిన్న మార్పు చేసినా వాటన్నిటి మీదా కంపైల్ చేసి చూశాకే బయటికి వదిలేవారు.

"నా లాప్‌టాప్‌లో బాగా నడస్తా ఉండాది మేడం" అని నేను సంబరపడితే, "మంచిదే. ఊరంతా నీ లాప్‌టాప్ ముందరే కూసుంటాదా అబ్బా?" అనేవారు. నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆమె పెట్టిన భిక్షే.

ఒకసారి నన్ను వెంటబెట్టుకుని సత్యవేడు బస్సెక్కారు. అక్కడ డీటీపీ షాపు నడిపే ఒక అక్క పెళ్లి కార్డులు ఒక వైపు తెలుగులో, ఒక వైపు తమిళంలో వేస్తుంది. మిషన్ బాగా పాతది. కంపైల్ చేసిన ఫైలు పట్టుకెళ్లి పెట్టేస్తే చిటికెలో పని. మేడం మాత్రం అక్కడే కంపైల్ చేద్దామని కీబోర్డును అక్క ముందుకు జరిపారు.

"నాకు యాడ తెలస్తాది మేడం? మీరే చేసి పెట్టేసి పోండి."

"నేను బస్సెక్కినాక ఇది మొరాయిస్తే ఎవురొస్తారమ్మా? నువ్వే కొట్టు. ఎర్రగా లైన్లొస్తే బెదరొద్దు. అన్నిటికన్నా పైన ఏ తప్పుండాదో దాన్ని సూడు. కిందవన్నీ దాని పిల్లలే."

అక్క చేత్తోనే అది పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. అయినా మేడం ఒక్క అక్షరం కూడా తాను కొట్టలేదు.

ఒంట్లో బాగాలేక, చివరికి లైబ్రరీని నగరంలోని ఒక బృందానికి అప్పగించారు. ఆమె పోయిన వారంలోనే వాళ్లు పేజీలో ఆమె ఫొటోకు దండ వేశారు. అదే పూట పాత మిషన్ల కోసం వేరేగా ఉన్న సోర్సంతా తీసి పారేశారు. ఎవరూ వాడటం లేదట! ఎవరిని అడిగారు? వీళ్ల ఆఫీసులో లేకపోతే లోకంలోనే లేనట్టా? ఆమె అన్నేళ్లు కాపాడింది వీళ్లకు చెత్తలాగా కనిపించింది.

నాకు ఈ సంగతి సత్యవేడు అక్క ఫోన్‌తో తెలిసింది. మేడం పెద్దకర్మ కార్డు తానే వేస్తానని మేడం తమ్ముడి దగ్గర పట్టుబట్టి తీసుకుందామె.

"కొత్తది పెట్టుకోమని వచ్చింటే నొక్కినానబ్బా. తెరిస్తానే మూసుకుపోతాండాది. మేడం కార్డే ఆగిపోయింది. రేపటికి ఈయాల" అంటూ ఏడ్చేసింది.

బృందానికి ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి చాలా మర్యాదగా, "కొత్త సిస్టమ్ కొనుక్కోమనండి సార్" అన్నాడు.

"ఆమె కర్మ కార్డు ఆమె రాసిన దాంట్లోనే రాకుండా చేసినారే, మీకు సిగ్గు లేదా?" అని అరిచాను. అలా అన్నందుకు నాకేమీ బాధ లేదు.

వాళ్లు తీసేసిన భాగాన్ని సోర్సులో మళ్లీ చేర్చి, తెల్లవారి, నేనుండే చిత్తూరులో మొదటి బస్సెక్కి సత్యవేడు చేరాను. ఆ పాత మిషన్ మీదే కంపైల్‌కు పెట్టాం. అది ముగియగానే అక్క కార్డును ప్రింటుకు పెట్టింది.

ప్రింటర్ కార్డును మెల్లగా బయటికి నెట్టింది. నల్లంచు మధ్య మేడం పేరు. అందులోని ఒత్తు అక్షరం కింద తన చోట తాను కుదురుగా ఉంది. అక్క ఆ కార్డును అంచులు పట్టుకుని తీసి, ఇంకు ఆరేదాకా ఫ్యాను కింద రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది.