ఒప్పుకి ఒకటి, తప్పుకి రెండు

నాకు రాయడం రాదండి. ఐదో తరగతి మధ్యలోనే బడి మానేశాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పిపోతే ఏమీ అనుకోకండి. ఇంకో మాట. దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కువైట్‌లో పన్నెండేళ్ళు ఇళ్ళల్లో పనిచేశాను. ఒక ముసలాయన చనిపోయిన గదిలోనే ఏడాది పడుకున్నాను. ఒక్కనాడూ భయపడలేదు.

తిరిగొచ్చాక అమలాపురంలో ఒక ఇంట్లో సగం వాటా అద్దెకు తీసుకున్నాను. నాకు నా అన్నవాళ్ళు లేరు. పక్క వాటాలో ఇంటావిడ, ఎస్తేరు టీచరు గారు, ఒక్కరే ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక రోజూ పేపర్లో పదకేళి నింపేవారు. నన్నూ కూర్చోబెట్టి నేర్పించారు. గడికి ఒక అక్షరం. అడ్డం ఆవిడవి, నిలువు నావి.

నాకు అదొక పిచ్చి అయిపోయింది. పొద్దున్న రాని మాట కూర వండుతుంటే టక్కున తట్టేది. పొయ్యి కట్టేసి పరుగెత్తేదాన్ని. ఒక్కోరోజు ఒక్క గడి దగ్గర ఆగిపోతే అన్నం కూడా సహించేది కాదు. జవాబులు మర్నాటి పేపర్లో గాని రావు. పలికినట్టే రాసేసి, దిద్ది దిద్ది కాగితానికి చిల్లు పడేది.

"నువ్వు నోటితో రాస్తున్నావే రత్నం. చేత్తో రాయి," అని నవ్వేవారు టీచరు గారు.

"నోరు నాదండీ, చెయ్యే మీరు నేర్పేరు," అనేదాన్ని.

తర్వాత పక్షవాతం వచ్చి ఆవిడకి మాట పడిపోయింది. మా రెండు గదుల మధ్య గోడకి ఆనించి మంచం వేశారు. మేం పదకేళికి కూర్చునే పొద్దున్న పది గంటలకి ఆవిణ్ణి చూసుకునే ఆయా పనిలో ఉండి నన్ను లోపలికి రానిచ్చేది కాదు. అందుకని గోడకి ఇవతల కూర్చుని ఆధారం, నాకు తోచిన జవాబు గట్టిగా చదివేదాన్ని. గోడ పైన ఉన్న వెంటిలేటరు కంతలోంచి వినపడేది. ఆవిడ చెంచాతో గోడ మీద కొట్టేవారు. ఒప్పయితే ఒకటి, తప్పయితే రెండు.

పోయిన ఏడాది టీచరు గారు చనిపోయారు. ఆవిడ చెల్లెలి కొడుకు వచ్చి సామానంతా రావులపాలెం పట్టుకెళ్ళి, తాళం వేశాడు. పేపరు మాత్రం నేను మానలేదు. అలవాటుగా గోడ పక్కనే కూర్చుని పైకి చదివేదాన్ని. తప్పో ఒప్పో చెప్పే మనిషి లేరు. రోజంతటికీ నా నోటి నుంచి వచ్చేవి ఆ మాటలే.

రెండు నెలలయ్యాక ఒక రోజు అడ్డంలో "విచ్చేశారు" అని మూడు గళ్ళు. "వచ్చేరు" అన్నాను. మేం అనేది అలాగే కదా.

గోడ మీద టక్, టక్ అని రెండుసార్లు వినపడింది.

చేతిలో పెన్ను కిందపడింది. వంగి తీసుకున్నాను. తర్వాత మెల్లగా "వచ్చారు" అన్నాను. ఒక్కసారి వినపడింది.

నిలువులో "పలికే తీరు" అని నాలుగు గళ్ళు అప్పటిదాకా కుదరలేదు. "చ్చా" పడగానే ఉచ్చారణ అని వచ్చేసింది. మర్నాటి పేపర్లో చూసుకుంటే రెండూ సరిపోయాయి.

పక్క వాటా తాళం వేసింది వేసినట్టే ఉంది. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే వచ్చి తలుపు తీశాడు. ఖాళీ గది. నేల నిండా దుమ్ము, అందులో ఒక్క అడుగు జాడ లేదు.

"ఎలకలయ్యుంటాయండీ అక్కగారూ," అన్నాడు.

"లెక్కగా కొడుతున్నాయి బాబూ."

"ఆయ్, టీచరు గారింటి ఎలకలు కదండీ. చదువొచ్చేసుంటాది," అని నవ్వాడు.

అతను వెళ్ళాక కూడా ఆ చప్పుడు పది రోజులు వచ్చింది. నాకు భయం వేయలేదు. పొద్దున్న పది గంటలు ఎప్పుడవుతాయా అని తల దువ్వుకుని తయారై కూర్చునేదాన్ని.

పదకొండో రోజు "తండ్రికి తల్లి" అని నాలుగు గళ్ళు. నాకు తెలుసు. కాని ఒప్పయితే ఒక్కటే కొడతారు. నాకు రెండు వినాలనిపించింది. కావాలనే "అమ్మమ్మ" అన్నాను.

చప్పుడు లేదు.

వెంటనే "నాయనమ్మ" అన్నాను. బతిమాలినట్టు మళ్ళీ మళ్ళీ అన్నాను. గోడకి చెవి ఆనించి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

ఇంతవరకు మళ్ళీ ఏ చప్పుడూ లేదు. అది ఏమిటో, ఎందుకొచ్చిందో, ఎందుకు ఆగిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళుంటే చెప్పండి.

ఇందులో తప్పులుంటే మన్నించండి. తెలిసి రాసిన తప్పు మాత్రం ఒక్కటీ లేదు.