అడగకుండా తగ్గించిన రెండు రూపాయలు

కొనేవాడు తగ్గించమని అడగకముందే ధర తగ్గించి, ఆ కొనేవాడినే హడలగొట్టిన అమ్మకాల అధికారి ఈ చుట్టుపక్కల జిల్లాల్లో నాకు తెలిసి ఒక్కడే. అది నేనే. 1968 వేసవిలో, విజయనగరం దగ్గరి ఒక జూట్ మిల్లులో ఉప అమ్మకాల అధికారిగా ఉండగా ఈ ఘనకార్యం చేశాను. బొబ్బిలిలో మాది కిరాణా కొట్టు. బేరమంటే నా తర్వాతే ఎవరైనా అని అప్పట్లో నా నమ్మకం.

తూర్పు యూరపులోని ఒక కమ్యూనిస్టు దేశం నుంచి గోనెసంచులు కొనడానికి ముగ్గురు వచ్చారు. ఆ దేశంలో చక్కెర మిల్లు తనకు కావలసిన సంచులు తాను కొనుక్కోవడానికి వీల్లేదు. దేశం మొత్తానికీ కొనేది ఒకే ప్రభుత్వ సంస్థ. ఎన్ని, ఏ ధరకు అన్నది ముందే ప్రణాళికలో రాసి ఉంటుంది. ఇదంతా మా హెడ్డాఫీసు సర్క్యులర్‌లో చదివాను. ఎంత రాసుకున్నా కొనేవాడు కొనేవాడే కదా అని పక్కన పెట్టాను.

ఆర్డరు రాకపోతే మూడో షిఫ్టు ఎత్తేయడం ఖాయం. ఆ నోటీసు మేనేజరుగారి సొరుగులో టైపు చేసి సిద్ధంగా ఉంది.

వచ్చినవాళ్లలో నాయకుడు డిప్యూటీ డైరెక్టరు, భారీ మనిషి, ప్రతి మాటకూ నవ్వేవాడు. రెండో ఆయన భూతద్దంతో పోగులు లెక్కపెట్టే నిపుణుడు. మూడో ఆయన సన్నగా, మాటా పలుకూ లేకుండా ఉన్నాడు. జాబితాలో ‘సహాయకుడు’ అని ఉంది. ఫ్యాను కింద కుర్చీ నాయకుడికి వేయించాను. సహాయకుడికి తలుపు పక్కన స్టూలు దొరికింది.

నాయకుడు ఫైలు తెరిచి ప్రణాళిక ధర చదివాడు. కిందటేడు ఇచ్చిన ధరే. సంతకం పెట్టడమే మిగిలింది. నేను ఊరుకుంటానా? పాత ఖాతాదారులు గనక నూరు సంచులకు రెండు రూపాయలు తగ్గిస్తున్నాం అన్నాను. మా కొట్టులో ఈ మాటకు ఎవరి ముఖమైనా వెలిగేది. నాయకుడి నవ్వు మాత్రం ఆరిపోయింది. తలుపు వైపు ఒకసారి చూసి, ఫైలు మూసి, మరమగ్గాలు ఇంకోసారి చూస్తామన్నాడు.

“ఏం చేశావయ్యా?” అన్నారు మేనేజరుగారు. నాకూ తెలియలేదు.

నేత విభాగం మేస్త్రీ అప్పన్నదీ మా బొబ్బిలి వైపే. మా కొట్టు ఎరిగినవాడు. నన్ను మగ్గాల వెనక్కి పిలిచాడు.

“ఆ బక్క బాబు ఎవులు బాబూ?”

“సహాయకుడు.”

“మీకెవులు సెప్పినారు? పెద్ద బాబు గుమ్మంకాడ ఆగి ఆయన్నే ముందు ఎల్లనిస్తన్నాడు. ఆయన గుడ్డ ముట్టుకుంతే ఈయన ముట్టుకుంతన్నాడు, ఆయన ఒగ్గేత్తే ఈయన ఒగ్గేత్తన్నాడు. మీ కొట్టుకాడ గల్లా ముందు మీ అన్నయ్య కూకుంతాడు గానీ, ఎనకమూల మీ నాయన కాదేటి ధర సెప్పేది?”

ముప్ఫై ఏళ్లుగా మా ఇంట్లో జరుగుతున్న వ్యవహారం మగ్గాల మేస్త్రీ చెబితే గాని నాకు తట్టలేదు.

వెళ్లి ఆ సన్నటి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన శుభ్రమైన ఇంగ్లీషులో మాట్లాడాడు. తాను ఆ సంస్థలో పార్టీ కమిటీ తరఫు మనిషినన్నాడు. సంతకం డిప్యూటీ డైరెక్టరుది, ఆ సంతకం ఏ కాగితం మీద పడాలో చెప్పేది పార్టీ. ధర పై కమిటీ ఆమోదించిన అంకె. దాన్ని ఎవరూ అడగకుండా మిల్లే తగ్గిస్తే, కిందటేడు ఎక్కువెందుకు ఇచ్చారు, ఎవరు తిన్నారు అని అడుగుతారు. జవాబు చెప్పుకోవలసింది నాయకుడు. ఇక్కడ అన్న ప్రతి మాటా సాయంత్రం నివేదికలోకి ఎక్కుతుంది.

ఆ తగ్గింపు నా కూడికలో పొరపాటు అన్నాను. రాసివ్వండి అన్నాడాయన.

రాసిస్తానన్నాను గాని అలవాటు పోదు కదా, కొసరుగా ఏం కావాలని అడిగాను. ఆయన మొదటిసారి నవ్వాడు. సరుకు నెల ముందు ఓడ ఎక్కించగలరా? ప్రణాళిక గడువుకు ముందే నెరవేరితే వాళ్లందరికీ మెప్పు.

అప్పన్నని అడిగాను. “మూడో షిఫ్టు ఉంతే ఇత్తాం బాబూ. నేకపోతే మీరూ నానూ కూకుని నెయ్యాల” అన్నాడు.

మేనేజరుగారు నా కాగితం చదివి, “కొట్టులో పుట్టి, కూడిక రాదని రాసిస్తున్నావా!” అన్నారు. సంతకం పెట్టాను. మర్నాడు ఉదయం పాత ధరకే ఒప్పందం అయింది. మేనేజరుగారు సొరుగులోని నోటీసు చింపేశారు. ఆ పూట నేను రెండు విస్తళ్ల అన్నం తిన్నాను.

ప్రభుత్వం ఒక్కటే, పార్టీ ఒక్కటే అయిన చోట బేరం లేదనుకుంటారు. ఉంది. ధర మీద కాదు, ఎవరి మీదా తప్పు పడకుండా పని ఎలా జరుగుతుందన్న దాని మీద. ఇది తెలుసుకోవడానికి నాకు పడిన బిల్లు ఇది: నా సర్వీసు ఫైలులో ‘లెక్కల్లో జాగ్రత్త చాలదు’ అన్న ఒక వాక్యం, దానివల్ల రెండేళ్లు వెనకబడ్డ ప్రమోషను. జమ వైపు, మూడో షిఫ్టు నిలిచింది. మరుసటి ఏడు ఆ నవ్వే నాయకుడు రాలేదు, సహాయకుడు వచ్చాడు. కారణం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన రాకపోవడానికీ నా రెండు రూపాయలకూ సంబంధం లేకపోవచ్చు. అయినా ఆ పద్దు నా పేరునే ఉంచుకున్నాను.