కండక్టరు మామ అరుగు

తిరుచానూరులో మా వీధివాళ్ళం ఆయన్ని కండక్టరు మామ అనేవాళ్ళం. రిటైరై నాలుగేళ్ళయినా ఆయన నోట్లోంచి బస్సు దిగలేదు. పాలామె గిన్నెలో పాలు పోస్తుంటే, చాలనడానికి బదులు "హోల్డాన్!" అనేవాడు.

ఒక వానాకాలం మురుగుకాలువ పూడిపోయి నీళ్ళు ఇళ్ళలోకొచ్చాయి. పంచాయతీ మనుషుల కోసం ఎదురుచూసి విసిగిపోయి, ఆదివారం పొద్దున్నే వీధంతా పారలు పట్టుకున్నాం. మామ తన అరుగెక్కి నిలబడి, "ముందుకు జరగండప్పా, ఆడ శానా జాగా ఉండాది!" అని మమ్మల్ని తోలుతుంటే నవ్వుకుంటూ తవ్వాం.

తవ్వుకుంటూ ఆయన ఇంటిదాకా వచ్చి ఆగిపోయాం. కాలువ పూడింది సరిగ్గా ఆ అరుగు కిందే. దాన్ని కొట్టేయాలని చెప్పడానికి మాకెవరికీ నోరు రాలేదు. అది అత్తకు పుట్టింటివాళ్ళు కట్టించి ఇచ్చిన అరుగు. మామ రోజూ సాయంత్రం చాప వేసుకుని కూర్చునేది దానిమీదే.

ఆయనకు సంగతి అర్థమైంది. అత్త వైపు చూశాడు.

"మా నాయన కట్టించినాడు," అంది అత్త. కాసేపు ఎదురింట్లోని బురద చూసింది. తర్వాత చాప చుట్టి చంకన పెట్టుకుని వీధిలోకి దిగింది.

"దిగాల్సినోళ్ళు దిగేసినారు. ఇంగ రైట్ రైట్ అనయ్యా!"

మామ దిగొచ్చి నా చేతిలోని గడ్డపార తీసుకున్నాడు. దాన్ని అరుగు రాళ్ళ సందులో దోపాడు.

ఆయన బదులు వీధంతా అరిచాం, "రైట్ రైట్!"