శుక్రవారం బొట్టు పెట్టించుకునే పిల్లి

చింతామణిలో మాది కిరాణా అంగడి. శుక్రవారం పొద్దున షట్టరు ఎత్తగానే మా మామ ఒక్కొక్క వస్తువుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తాడు. గడప, గల్లాపెట్టె, తూకం మిషను, బిల్లు మిషను, చివరికి ఎవరైనా ఫోనులో డబ్బు వేస్తే కన్నడలో అరిచే ఆ చిన్న డబ్బా కూడా. సరిగ్గా మాట వచ్చే చోటే పెడతాడు కాబట్టి శుక్రవారాల్లో దాని గొంతు బొంగురుగా ఉంటుంది. ఈ వరుసలో ఆఖరిది పిల్లి.

ఈ పద్ధతి మా అత్త పెట్టింది. బియ్యం మూటలను ఎలుకల నుంచి కాపాడేది పిల్లే కదా, మిషన్లకు పెట్టి దానికి పెట్టకపోతే ఎట్లా అని ఆమె వాదన. ఆమె పోయాక మామ అదే వరుసలో, ఏదీ వదలకుండా చేస్తూ వచ్చాడు. పిల్లి కూడా సమయానికి వచ్చి తూకం మిషను పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని నుదురు ఎత్తేది. నా పెళ్ళిచూపుల్లో నేను అంత బుద్ధిగా కూర్చోలేదు.

పోయిన ఎండాకాలం దాని నుదుటి మీద వెంట్రుకలు ఊడిపోయాయి. తర్వాత చర్మం ఎర్రబడింది, పొక్కులు కట్టింది. రోజంతా వెనక కాలితో గోక్కోవడమే దాని పని.

మా అంగడికి పప్పు కొనడానికి వచ్చినవాళ్ళు రోగం కూడా చెప్పి పోతారు. జంగమకోటె నుంచి వచ్చే పట్టుపురుగుల రైతు, తన షెడ్డులో చల్లే బ్లీచింగు పొడి తన గుడ్డలకు అంటుకుని వచ్చి పిల్లికి తగిలిందేమోనని అనుమానపడ్డాడు. ఆ తర్వాత చాలా రోజులు మెట్టు ఎక్కకుండా వీధిలో నిలబడే సరుకులు అడిగాడు. బాగేపల్లి గొర్రెల ఆసామి అది గొర్రెలకొచ్చే గజ్జి అని తేల్చి, పొగాకు నీళ్ళు పోయమన్నాడు. మురుగమల్ల దర్గాకు పోయి వస్తున్న ఒకామె తాయెత్తు కట్టమంది. మందుల షాపతను కుక్కలకు చల్లే పొడి ఇచ్చి, పిల్లి చిన్నది కాబట్టి సగం చల్లమన్నాడు. అతని లెక్క విని ఒళ్ళు మండి ఆ పొడిని అటక మీద పడేశాను.

అందరిలోకీ మామకు నచ్చింది ఎదురింటామె మాట. "ఇంత చక్కని పిల్లికి అంత చిన్న బొట్టు పెడితే దిష్టి తగలకుండా ఉంటాదా అప్పా?" అందామె. మరుసటి శుక్రవారం పిల్లి బొట్టు రూపాయి బిళ్ళంత అయింది.

మా ఆయన మాత్రం దిష్టినీ నమ్మలేదు, గజ్జినీ నమ్మలేదు.

"ఇది తామర నాయనా. పిల్లలకు అంటుకుంటాది. గిరాకీలు గూడా చూస్తాండారు. నెలాఖరుకు తగ్గకుంటే మిట్టేమరిలో చిన్నమ్మోళ్ళ తోటలో వదిలేసి వస్తా."

మామ కళ్ళద్దాలు తుడుచుకుని, "సరే. నా గుడ్డలు గూడా సర్దు," అన్నాడు.

హాస్యం కాదు. మరునాడు మామ సంచి తలుపు దగ్గర ఉంది. తండ్రీకొడుకులిద్దరి మీదా నాకు ఒకేసారి కోపం వచ్చింది. కానీ మామకు ఆ పిల్లి తప్ప మాట్లాడటానికి ఎవరూ లేరని నాకు తెలుసు. మూటల మధ్య కూర్చుని దానితో అత్త సంగతులు చెప్పుకునేవాడు. అవి మాకు చెప్పడు.

అందుకే నేనే పూనుకుని చిక్కబళ్ళాపురం పశువుల ఆసుపత్రికి ప్రయాణం కట్టాను. పిల్లిని టమాట క్రేటులో కూర్చోబెట్టి, పైన ఇంకో క్రేటు బోర్లించి తాడు కట్టాం. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మొహం కడగకుండా ఎట్లా అని మామ తడిగుడ్డతో దాని నుదురు శుభ్రంగా తుడిచాడు. బస్సులో ఒకాయన లోపలికి చూడకుండానే ఈరోజు టమాట ధర ఎంత అని అడిగాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. గదిలో లైటు ఆర్పి ఊదారంగు దీపంతో నుదురు చూసింది. తామర అయితే చాలాసార్లు పచ్చగా మెరుస్తుందట, ఇది మెరవలేదు. చర్మం కొంచెం గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే గజ్జి పురుగులు లేవు. సన్న దువ్వెనతో దువ్వితే పేలూ గోమార్లూ లేవు, బియ్యం తవుడు రాలింది. కుక్కల పొడి మాట చెప్పగానే, అలాంటి పొడులు కొన్ని పిల్లి ప్రాణమే తీస్తాయని కోప్పడింది. నా ఒంటి మంట ఒక్కోసారి పనికొస్తుంది.

"తలకు ఏమన్నా రాస్తాండారా?" అని అడిగింది.

"ఏమీ లేదమ్మా," అన్నాడు మామ. నేనూ తల ఊపాను. నిజంగానే మా ఇద్దరికీ ఏమీ తోచలేదు.

పూతమందు ఇచ్చి, గోక్కోకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు తగిలించింది. గురువారానికి నుదురు చాలావరకు మానింది. శుక్రవారం మామ పూతమందు రాసి, దాని మీద కుంకుమ పెట్టాడు. మందు జిడ్డుకు బొట్టు ఎన్నడూ లేనంత బాగా అంటుకుంది. గరాటు కూడా కొత్త వస్తువే కాబట్టి దానికీ ఒకటి పెట్టాడు. శనివారానికి నుదురు మళ్ళీ ఎర్రబడింది.

మా ఆయన మిట్టేమరికి ఫోను చేశాడు. నెలాఖరు దగ్గర పడింది. మరుసటి శుక్రవారం పూజ కాగానే, మొహం కడిగే తీరిక కూడా లేక, పిల్లిని క్రేటులో పెట్టుకుని మళ్ళీ బస్సెక్కాం.

డాక్టరమ్మ క్రేటు తెరిచి పిల్లి నుదురు లైటు వైపు తిప్పింది.

"ఇదేంది?"

"బొట్టు తల్లీ," అన్నాడు మామ.

"తలకు ఏమీ రాయలేదని చెప్తిరి కదా?"

"రాయలేదే. ఇది పూజ."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె నవ్వు ఆపుకుని చెప్పింది. ప్యాకెట్ కుంకుమలో కలిపే రంగులు కొన్ని చర్మాలకు పడవట. "మనుషులకూ అంతే. బొట్టు పెట్టుకునే చోట దురద వస్తాది, తెల్లమచ్చ పడతాది. మీరు చూసుండరా?"

నేను బస్సెక్కేదాకా నవ్వుతూనే ఉన్నాను. మామ నవ్వలేదు. బస్సు కదిలాక క్రేటు ఒళ్ళో పెట్టుకుని, "మీ అత్తకూ ఆడనే దురద," అన్నాడు. "చెమటకు వస్తాది, గోక్కోవద్దు అని తిడతా ఉంటిని."

అత్త బొట్టు కింద తెల్లమచ్చ నాకూ గుర్తొచ్చింది. చుట్టూ అంతమంది ఉన్నా నాకు ఏడుపు ఆగలేదు.

పిల్లి నుదుటి మీద నూగు మొలిచింది. పిల్లి రావడం లేదని మా ఆయన మిట్టేమరికి చెబితే, అక్కడ ఎలుకలు ఎక్కువని చిన్నమ్మ బాధపడింది. శుక్రవారం వచ్చింది. మామ గడపకు, గల్లాపెట్టెకు, మిషన్లకు, డబ్బాకు పెట్టుకుంటూ వచ్చాడు. పిల్లి ఎప్పటిలా వచ్చి కూర్చుని, కళ్ళు మూసుకుని నుదురు ఎత్తింది. ఆయన చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని, ఉత్త వేలు దాని నుదుటి మీద ఆనించాడు.

"దురదగా ఉండాదా అమ్మా?" అని అడిగాడు.