ఇంట్లో చేయలేని వంట

ముంబై కామాటిపుర పదకొండో గల్లీలో, వరసగా ఒంటి గదులుండే చాల్‌లో కాపురముండే సుజాత ప్రపంచ దేశాల వంటల మీద పడింది తిండి మీద మోజుతో కాదు. ఒక్క ఆదివారం పొయ్యి వెలిగించకుండా ఉందామన్న ఆశతో. పెళ్లయిన నాటి నుంచి ఆమెకు జ్వరమొచ్చినా ఆ పొయ్యికి మాత్రం సెలవు దొరకలేదు.

భర్త మొగులయ్య ఫోర్టులో ఒక ఆఫీసులో ప్యూను. అక్కడ నోరెత్తడు. అలా పొదుపు చేసిన మాటలన్నీ ఇంటికొచ్చి కంచం ముందు ఖర్చుపెడతాడు. కూతురు రుతుజ తన మొదటి జీతంతో ఇద్దరినీ ఉడిపి హోటల్‌కు తీసుకెళ్లిన రోజున కూడా ఆ అలవాటు మానుకోలేదు. మసాలా దోసె ఆఖరి ముక్క దాకా తిని, మూతి తుడుచుకున్నాడు.

“గీ మాత్రం దోస ఇంట్ల ఎయ్యరాదా?”

మరుసటి ఆదివారం సుజాత పెనం ముందు నిలబడి దోసెలు పోసింది. పంజాబీ హోటల్‌కు వెళ్లొస్తే నాన్లు కాల్చింది. చైనా హోటల్‌కు వెళ్లొస్తే నూడుల్స్ చేసింది. అప్పుడర్థమైంది ఆ ఇల్లాలికి. తాను వెతకాల్సింది మంచి రుచిని కాదు, మొగులయ్య బుర్రకు ఎక్కని వంటను.

“మీ నాయినకు పేరు గుడ నోరు తిరగని తిండి సూడు బిడ్డా,” అంది కూతురితో.

“టెన్షన్ నకో, మమ్మీ. ఆ దేశపోళ్లు తినేదే, అస్సలుది దొరికే జాగకు తీస్కవోత,” అని రుతుజ ఫోన్‌లో టేబుళ్లు బుక్ చేయడం మొదలుపెట్టింది.

బాంద్రాలో మెక్సికో భోజనం ముందు కూర్చుని మొగులయ్య, “మక్కరొట్టెల రాజ్మా సుట్టిండ్రు,” అని తేల్చేశాడు. ఇటలీ వాళ్ల అన్నాన్ని, “మెత్తగయిన బువ్వ. ఇంట్ల గిట్లయితె తిడ్త,” అంటూనే గిన్నె ఊడ్చాడు. ఇథియోపియా రొట్టె పుల్లగా తగలగానే మొహం వెలిగిపోయింది. “పులిసిన అట్టే గద. పిండి నానవెడితె అయిపాయె.” నానబెట్టేది తాను కాదు కాబట్టి ఆయనకు ఏ దేశమూ కష్టంగా కనపడలేదు. పైగా, ఈ ఐతారం మా ఇంట్ల ఇథియోపియా అని చాల్ వరండా అంతా చాటింపు వేసేవాడు. పక్క గదుల వాళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చేవారు. సుజాత పొయ్యి ప్రపంచమంతా తిరిగింది, సుజాత మాత్రం పొయ్యి దగ్గరే ఉంది.

ఆఖరి ఆశ వర్లిలో జపాన్ హోటల్. పళ్లెంలో పచ్చి చేప ముక్కలు పెట్టారు. ఆ పళ్లేనికి దండం పెట్టాలనిపించింది సుజాతకు. ఇది మాత్రం ఏ మగవాడూ ఇంట్లో అడగడు. మొగులయ్య ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

“పొయ్యే ముట్టియ్యలే గద. అన్నిట్ల గిదే అల్కగున్నది. వచ్చే ఐతారం పొద్దుగాల్నే బోయి నేను చేప తెస్త.”

సుజాతకు నిజంగానే ఏడుపొచ్చింది. పక్కనున్న అల్లం ముక్క నమిలి ఆ ఏడుపును దాని ఘాటు మీదకు నెట్టేసింది.

వారం తిరిగింది. మొగులయ్య అన్నమాట ప్రకారం చేప సంచితో వచ్చేసరికి ఇంట్లో సుజాత లేదు. ఒక్కతే బస్సెక్కి వెళ్లిందని రుతుజ చెప్పి, తనూ స్నేహితురాలింటికి వెళ్లిపోయింది. సుజాత మధ్యాహ్నం దాటాక వచ్చింది. మొగులయ్య సంచి ముందర అలాగే కూర్చుని ఉన్నాడు, ఆకలితో.

“యాడికి వోయినవ్?”

“తినొచ్చిన.”

“ఏ దేశందో?”

“అడగలే.”

“మంచిగుండెనా?”

“మస్తుండె.”

మొగులయ్య కాస్త ముందుకు జరిగాడు. “అండ్ల ఏమేం ఏశిండ్రు?”

ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే జీలకర్ర ఎంత పడిందో చెప్పగల మనిషి సుజాత. ఇన్నేళ్లూ ఏ పెళ్లిలో తిన్నా, ఏ హోటల్లో తిన్నా, నాలుకతో లెక్క కట్టుకుంటూనే తింది.

“సూడలే,” అంది. “తిన్న.”

ఆయనకు అది జవాబులా అనిపించలేదు. సంచి వైపు చూశాడు. “మరి గీ చేప?”

“పొయ్యి ముట్టియ్యకుంటనే అయితదంటివి గద. కత్తిపీట పొయ్యి కిందున్నది.”

సుజాత చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. కడుపు నిండా తిన్న సంతోషానికి వెంటనే కునుకు పట్టింది. మొగులయ్య లేచి, పెళ్లయ్యాక మొదటిసారి పొయ్యి కిందికి వంగి చూశాడు.