నెయ్యి వెయ్యని పప్పు

జాయిస్ చేసిన మొదటి కేకు తిన్నది నేనే. స్టాఫ్‌రూములో మిగతావాళ్ళంతా బెల్లు వినపడగానే క్లాసులున్నాయంటూ లేచిపోయారు. నాకు లీజరు, తప్పించుకునే దారి లేదు. పాలు లేవు, గుడ్డు లేదు, వెన్న లేదు. మైదాలో అరటిపండు పిసికి, వేరుశనగ నూనె పోసి, కుక్కరు అడుగున ఇసుక పరిచి కాల్చిందట.

"ఎలా ఉంది మేడమ్?" అని నా నోటివంకే చూస్తోంది.

నా దవడపన్ను ఒకటి అప్పటికే కదులుతోంది. "బరువుగా ఉందమ్మా" అన్నా.

"మంచి బరువా, చెడ్డ బరువా?"

"ఇల్లు కట్టుకునేటప్పుడు పునాదిలోకి పనికొస్తుంది."

పగలబడి నవ్వింది. కోపం వచ్చుంటే మా స్నేహం అక్కడితో ఆగిపోయేది. తర్వాత తర్వాత ఆ పిల్ల చేతికి కేకు లొంగింది. సోడా ఎంత వెయ్యాలో, వెనిగర్ ఎప్పుడు చిలకరించాలో పట్టేసింది. కేకు డబ్బా తెచ్చిన రోజున స్టాఫ్‌రూములో ఎవరికీ క్లాసులు గుర్తుండేవి కావు.

జాయిస్ మా నందిగామ స్కూల్లో లెక్కల టీచరు. భర్త స్టీవెన్ జగ్గయ్యపేట అవతల సిమెంటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వాళ్ళకి ఒక్కతే కూతురు, గ్రేసీ. పాలు మరిపించే వయసులో గేదెపాలు పట్టబోతే పిల్ల పెదాలు బూరెల్లా ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరందక ఎగశ్వాస పట్టింది. పాలు పడవు, గుడ్డు పడదు అని తేల్చాడు బెజవాడ డాక్టరు. పెద్దయ్యాక తగ్గితే తగ్గొచ్చు, అప్పటిదాకా ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదు, పోతే ప్రాణం మీదికొస్తుంది అన్నాడు.

జాయిస్ లెక్కల మనిషి కదా, మినహాయింపులు పెట్టుకుంటే ఎక్కడో తప్పు దొర్లుతుందనుకుంది. కోడికూరలో పెరుగు వేస్తారు, గుడ్డు గరిట కూరలో పెడతారు. అందుకని జంతువు నుంచి వచ్చేదేదీ ఇంట్లోకి రాకూడదని ఒకే సూత్రం పెట్టేసింది. ఫోన్లో వీడియోలు చూసి వేరుశనగ పాలు తీయడం, ఆ పాలల్లో పచ్చిమిరప తొడిమలు వేసి పెరుగు తోడెట్టడం నేర్చుకుంది. దీన్ని వీగన్ అంటారని కూడా వాటిల్లోనే తెలిసింది.

వాళ్ళ పేటలో ఆ మాట కొత్త. "వీగనంటే ఏ చర్చి మిషనమ్మా?" అని అడిగింది ఒకావిడ. ఇంకొకళ్ళు, మాంసం మానేశారంటే శనివారం ఆరాధన చేసే సబ్బాతోళ్ళల్లో కలిశారని ఖాయం చేసేశారు. స్టీవెన్ వాళ్ళ మేనమామ మోజెస్ అయితే "ఉద్యోగాలు రాగానే మా అల్లుడు పప్పులో పడ్డాడు, ఇంక జంధ్యమొక్కటే తక్కువ" అని ఒక పెళ్ళిలో పదిమంది ముందూ అన్నాడు. స్టీవెన్ నవ్వేసి ఊరుకున్నాడు. పాపం అతను ఫ్యాక్టరీ గేటు దగ్గర చాటుగా పాల టీ తాగేవాడు. ఒకసారి అలా తాగొచ్చి పిల్లని ముద్దు పెట్టుకుంటే బుగ్గమీద అచ్చు పడినట్టు దద్దురు లేచింది. అప్పట్నించీ టీ మానలేదు గానీ, బ్రష్షూ పేస్టూ బండి డిక్కీలో పెట్టుకు తిరిగేవాడు.

వాళ్ళతో హోటలుకి వెళ్ళడం కూడా ఒక అనుభవం. నందిగామలో బసవయ్య గారి టిఫిన్ సెంటరుకి నన్నోసారి తీసుకెళ్ళారు. స్టీవెన్ సంచిలోంచి చిన్న పెనం తీసి దోశల మాస్టరుకి అందించాడు. హోటలంతా తినడం ఆపి చూసింది. నేను ఎక్కడ తల దాచుకోవాలో తెలియక, గోడమీదున్న ధరల బోర్డు పరీక్షకి చదివినట్టు చదివా.

"ఏం సార్, మా పెనం మీద దయ్యముందా?" అన్నాడు బసవయ్య.

"పాపకి నెయ్యి పడదండీ. పోయినసారి చెప్పాంగా."

"పోయినసారి తగ్గించే వేశాంగా!"

బసవయ్య మంచివాడే. మనవైపు నెయ్యి వద్దంటే కొంచెం వెయ్యమని అర్థం. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు వద్దనడం మర్యాద, వడ్డించేవాళ్ళు వినకపోవడం ప్రేమ. మొదటిసారి వద్దనగానే ఆగిపోయిన ఇల్లాలిని పిసినారి అంటారు. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పోస్తారు. నేనూ అలా పోసినదాన్నే, పోయించుకున్నదాన్నే. ఈ మర్యాద మధ్యలో కూతుర్ని బతికించుకోవడమే జాయిస్‌కి ఉద్యోగం కంటే పెద్ద ఉద్యోగమైంది.

అలా ఉండగా జగ్గయ్యపేట నుంచి పిలుపొచ్చింది. అక్కడ భవానీప్రసాద్ గారిది పెద్ద వ్యవసాయం. జాయిస్ తల్లి సౌభాగ్యమ్మ వయసులో ఉన్నప్పుడు ఆయన మిరప చేలల్లోనే కోతలకి వెళ్ళేది. పండగ పూట వాళ్ళ పెరట్లో, కుళాయి పక్కన ఆకేసుకుని తినేది. ఇప్పుడాయన కూతురు మా స్కూల్లో చదివి, జాయిస్ దగ్గర ట్యూషను చెప్పించుకుని లెక్కల్లో గట్టెక్కింది. ఆ కృతజ్ఞత కొద్దీ ఆయన భార్య రాజ్యశ్రీ గారు కొత్తింటి గృహప్రవేశానికి జాయిస్‌నీ నన్నూ పిలిచారు. "మీ అమ్మని కూడా తీసుకురా, తప్పకుండా" అని ఒత్తి ఒత్తి చెప్పారు.

జాయిస్ ముందే ఫోన్ చేసి, "పాపకి నెయ్యి, పాలు, పెరుగు పడవండీ" అని చెప్పింది.

"అలాగేలేమ్మా, మీరు రండి ముందు" అన్నారావిడ.

స్టీవెన్‌కి డ్యూటీ. మేం నలుగురం బస్సులో వెళ్ళాం. సౌభాగ్యమ్మ పెట్టె అడుగునుంచి తీసిన పట్టుచీర కట్టింది. గ్రేసీ దారంతా కిటికీలోంచి లారీలకి టాటాలు చెప్పింది.

బయట షామియానా కింద జనం బంతులుగా తింటున్నారు. సౌభాగ్యమ్మ అటే నడవబోయింది. రాజ్యశ్రీ గారు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"అటెక్కడికి? నువ్వు మా చుట్టాల బంతిలో కూర్చోవాలి. మా చేలో చేసినదానివని బయట కూర్చోబెడతాననుకున్నావా?"

సౌభాగ్యమ్మకి కళ్ళు నిండాయి. రాజ్యశ్రీ గారు మంచి మనసుతోనే అన్నారు, అందులో నాకు అనుమానం లేదు.

లోపల హాల్లో కొత్త గ్రానైటు మీద చాపలు పరిచారు. జాయిస్ పక్కన గ్రేసీ, ఆ పక్కన సౌభాగ్యమ్మ, ఎదురు వరసలో నేను. జాయిస్ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మూత విప్పింది. నిమ్మకాయ పులిహోర.

"అదేంటమ్మా? మా ఇంటికొచ్చి పిల్ల డబ్బాలో తింటుందా?" అన్నారు రాజ్యశ్రీ గారు.

"చెప్పాగదండీ, దానికి పడదని..."

నా పక్కన కూర్చున్న ముసలావిడ, వాళ్ళ చుట్టమే, చేతిలో గారె తుంచుతూ, "రోజులు తిరిగాయే. ఇప్పుడు మనం పెడితే వాళ్ళు తినటం లేదు" అంది.

మెల్లగానే అంది, కానీ రెండు వరసలూ విన్నాయి. సౌభాగ్యమ్మ తల దించుకుంది. జాయిస్ చెవులు ఎర్రబడ్డాయి. రాజ్యశ్రీ గారు గబగబా వంటింట్లోకి వెళ్ళి, చిన్న గిన్నెలో ముద్దపప్పు కలిపిన అన్నం పట్టుకొచ్చారు.

"ఇదిగో, పాప కోసం విడిగా కలిపించా. నెయ్యి వెయ్యలేదు, సరేనా? నా చేత్తో నేనే పెడతా."

"నిజంగా వెయ్యలేదా అండీ?"

"అయ్యో, ఎన్నిసార్లు చెప్పాలి!"

అందరి విస్తళ్ళలోనూ నెయ్యే. హాలంతా దాని వాసనే. గిన్నెకి ముక్కు ఆనిస్తే తప్ప తెలిసేది కాదు, పెద్దింటావిడ చేతిలోని గిన్నె వాసన చూడటం ఎలా? జాయిస్ చెయ్యి కొంచెం ముందుకు కదిలింది. సౌభాగ్యమ్మ కూతురి మోకాలు గట్టిగా నొక్కింది.

"ఊరుకోవే. పెద్దావిడ అంత ప్రేమగా పెడుతోంది."

జాయిస్ చెయ్యి వెనక్కి పోయింది.

గ్రేసీ రెండు ముద్దలు తింది. రెండోది మింగుతూనే, "అమ్మా, నాలిక్కి ముళ్ళు గుచ్చుకుంటున్నాయి" అంది.

జాయిస్ విస్తరి తొక్కుకుంటూ లేచింది. పిల్ల ఆ కొత్త గ్రానైటు మీదే కక్కుకుంది. చూస్తుండగానే పెదాలు ఉబ్బాయి, మెడ మీద ఎర్రగా దద్దుర్లు పాకాయి, గొంతులో ఈల మొదలైంది. భవానీప్రసాద్ గారు కారు తీశారు. ముందు సీట్లో రాజ్యశ్రీ గారు, వెనక జాయిస్ ఒళ్ళో పిల్ల, పక్కన నేను. సౌభాగ్యమ్మ చెప్పుల్లేకుండా గేటు దాకా పరిగెత్తుకొచ్చి అక్కడే ఆగిపోయింది. ఆమె కోసం కారు ఆగలేదు.

"అండీ, ఏం కలిపారో చెప్పండి. డాక్టరుకి చెప్పాలి" అంది జాయిస్.

"ఏం కలపలేదమ్మా, ఒట్టు."

"మీ కాళ్ళు పట్టుకుంటా. చెప్పండి."

గ్రేసీ గొంతులో ఈల పెద్దదైంది. ఆస్పత్రి మలుపు దగ్గర రాజ్యశ్రీ గారు ముందుకే చూస్తూ అన్నారు. "ఒక్క చెంచా. నువ్వు మొహమాటానికి వద్దంటున్నావనుకున్నా. ఒట్టి పప్పన్నం పెట్టి పంపిస్తే, మిగతా అందరికీ నెయ్యి వేసి మీకే వెయ్యలేదని రేపు మీవాళ్ళు అనుకోరూ?"

జాయిస్ పిల్లని గుండెకి ఆనించి పట్టుకుని, కారు ఆగీ ఆగకముందే దిగిపోయింది.

అక్కడ తొడకి ఇంజెక్షను చేశారు, ఆక్సిజను పెట్టారు. కొంచెం తేరుకున్నాక అంబులెన్సులో బెజవాడ పంపించారు. నందిగామ దాటాం. మళ్ళీ ఎగశ్వాస మొదలైంది. కంచికచర్ల దాకా పిల్ల పెదాలు నీలంగానే ఉన్నాయి. జాయిస్ ఏడవలేదు, ప్రార్థన చెయ్యలేదు. "లోపలికి పీల్చు, బయటికి వదులు" అని ఎక్కాలు చెప్పించినట్టు ఆ రెండు మాటలే చెబుతూ వచ్చింది.

బతికింది. ఆ మాట ముందే చెప్పుంటే బాగుండేదేమో, కానీ ఆ దారిలో మాకెవరూ చెప్పలేదు.

రాజ్యశ్రీ గారు బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికొచ్చారు. గ్రేసీ నుదుటిమీద చెయ్యి వేసి కళ్ళు తుడుచుకున్నారు. "బంతిలో ఎవరి కన్ను పడిందో, దిష్టి తగిలిందమ్మా" అన్నారు. చెంచా సంగతి మళ్ళీ ఆవిడ నోట రాలేదు. ఆ పిల్లకి ఉబ్బసం పుట్టుకతోనే ఉందని జగ్గయ్యపేటలో అనుకుంటున్నట్టు తర్వాత తెలిసింది.

జాయిస్ తల్లిని పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి సౌభాగ్యమ్మ మనవరాలికి అన్నం కలిపి ముద్ద ఎత్తింది. అంతా వాళ్ళింట్లో వండిందే. జాయిస్ వచ్చి గిన్నె తీసేసుకుంది.

"నువ్వు పెట్టొద్దమ్మా."

సౌభాగ్యమ్మ ఆ ముద్ద ఏం చెయ్యాలో తెలియక కాసేపు చేతిలోనే ఉంచుకుంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, అవసరమైనదానికంటే చాలాసేపు చెయ్యి కడుక్కుంది.

ఆ ఏడాది వాళ్ళ మందిరం వార్షికోత్సవానికి కేకు జాయిసే చేసింది. నన్నూ పిలిచింది. ఆరాధన అయ్యాక ప్రేమవిందు, వరసగా ఆకులేశారు. పాస్టరు ప్రేమదాసు గారి భార్య గరిటతో పెరుగుచట్నీ పట్టుకొచ్చి, "మా బంగారుతల్లికి కొంచెం" అని వంగింది.

గ్రేసీ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, గట్టిగా చెప్పింది. "నాకు పాలు గానీ, పెరుగు గానీ, నెయ్యి గానీ, గుడ్డు గానీ పెడితే నేను చచ్చిపోతా. అబద్ధం చెప్పి పెట్టినా చచ్చిపోతా."

గరిట గాల్లో ఆగింది. నాకు మళ్ళీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అక్కడ చదవడానికి ధరల బోర్డు కూడా లేదు.

ప్రేమదాసు గారు వచ్చారు. "తప్పు కదమ్మా జాయిస్, పసిదాని నోట చావు మాటా? కాపాడటానికి యేసయ్య లేడా?"

"ఉన్నాడయ్యగారూ. గరిట మాత్రం అమ్మగారి చేతిలో ఉంది."

ఆవిడ గరిట వెనక్కి తీసుకుంది. ఎవరూ కొసరలేదు. మనవైపు ఒక్క వద్దుతో వడ్డన ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. కానీ గ్రేసీకి అటూ ఇటూ ఉన్న తల్లులు తమ పిల్లల్ని మెల్లగా జరుపుకున్నారు. ఏదైనా జరిగితే తమమీదికి వస్తుందేమోనని భయం. బంతిలో ఆ పిల్ల చుట్టూ ఖాళీ ఏర్పడింది. జాయిస్ అది చూసింది, తింటూనే ఉంది.

విందు అయ్యాక వీధిలో నడుస్తున్నాం. స్టీవెన్ ముందు బండి తోసుకుంటూ వెళ్తున్నాడు.

"అమ్మా, ఆ మాట ఎప్పుడూ చెప్పాలా?" అంది గ్రేసీ.

"అన్నం పెట్టినవాళ్ళందరికీ చెప్పాలి."

"అమ్మమ్మకీ?"

"అమ్మమ్మకీ."

పిల్ల తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. "మరి నీకు?"

జాయిస్ నడక ఆగింది. "మీ అమ్మకెందుకే పిచ్చిపిల్లా" అని నేను నవ్వబోయా. జాయిస్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. రోడ్డుమీదే కూతురి ఎదురుగా కూర్చుంది.

"నాకూ చెప్పు" అంది.

ఇప్పుడు వాళ్ళింటికి ఏ పూట వెళ్ళినా చూస్తుంటా. జాయిస్ ముద్ద కలిపి చెయ్యి ఎత్తుతుంది. గ్రేసీ పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు అంటూ ఆ మాటంతా ఒక్క అక్షరం పోకుండా అప్పజెబుతుంది. జాయిస్ చివరిదాకా విని, ముద్ద వాసన చూసి, "లేవు నాన్నా" అంటుంది. అప్పుడు పిల్ల నోరు తెరుస్తుంది.